వేఱుపఱచిన పొట్టేళ్లు

క్రీస్తుపూర్వము 37వ సంవత్సర ప్రాంతమున, ఎనుబది యేండ్ల వృద్ధుడైన రోమక పండితుడు మార్కస్ టెరెన్షియస్ వర్రో, తన భార్య ఫుండానియా కొన్న పొలమును ఎట్లు సాగు చేయవలయునో తెలుపుటతో మొదలుపెట్టి మూడు భాగములుగా రచించిన కృషిగ్రంథమున, రెండవ భాగమును పశుపాలనమునకు వినియోగించెను. అందు గొఱ్ఱెలను గూర్చిన ప్రకరణమున, చూలు కట్టించుటకు ఎంచుకొన్న పొట్టేళ్లను అదనుకు రెండు నెలలు ముందుగనే మందనుండి విడదీసి, పుష్కలముగ మేపవలయుననియు, మేతనుండి దొడ్డికి మరలివచ్చినపుడు యవలు పెట్టినచో రాబోవు శ్రమకు ఓర్చునట్టి పుష్టి వానికి కలుగుననియు, ఆ అదను మన లెక్కలో మే నెల నడుమనుండి జూలై చివఱివఱకును ఉండుననియు, గొఱ్ఱె చూలు మోయు కాలము నూటయేబది దినములనియు ఆయన వ్రాసెను. అకాలమున పొట్టేలు దాటకుండుటకై కొందఱు గొఱ్ఱెలకు జమ్ముతో అల్లిన చిన్నబుట్టలను అడ్డుగా కట్టుదురని చెప్పి, అంతకంటె వానిని వేఱుగా మేపుకొనుటయే సుకరమని సలహా యిచ్చెను. ఇంద్రియనిగ్రహమును జమ్ముబుట్టతో సాధింపనెంచిన ఆ కాపరుల ఉపాయమునకు మనము నవ్వుకొనవచ్చును గాని, వేఱు మేపుకొనుడన్న రెండవ సలహాలో ఆ కాపరులకు గాని వర్రోకు గాని స్ఫురింపని యొక రహస్యము ఇమిడియుండెను.

ఆ రహస్యము ఇట్టిది. ఎదకు వచ్చు ఋతువు కాక, అండాశయములు నిద్రాణమై యున్న గొఱ్ఱెల మందలోనికి, కొంతకాలముగ కంటికి కనబడక, ముక్కునకు సోకక యున్న పొట్టేలు హఠాత్తుగ ప్రవేశించినచో, ఆ గొఱ్ఱెలలో పెక్కింటి అండాశయములు రెండు మూడు దినములలోనే మేల్కొని అండమును విడుదల చేయును. నేటి పశుశాస్త్రజ్ఞులు దీనిని పొట్టేలి ప్రభావమని వ్యవహరించుచున్నారు. వర్రో కాలపు కాపరి ఆ రెండు నెలల ఎడబాటును కేవలము పొట్టేలి బలమునకై పాటించెను. ఎడబాటు ముగిసిన పిదప గొఱ్ఱెలు మూకుమ్మడిగ చూలు కట్టుటను చూచి, ఆ కీర్తినంతను యవల ఖాతాలో జమకట్టెను. ఫలము కన్నులయెదుట నున్నను కారణము వేఱొకచోట వెదకబడుట పశుపాలన చరిత్రలో క్రొత్తది కాదు. అయితే ఈ పొరపాటు రెండువేల యేండ్లపాటు ఎవ్వరికిని నష్టము కలిగింపకుండుట, పైపెచ్చు లాభమునే కలిగించుట, ఇందలి వింత.

ఈ విషయము అవగతము కావలెనన్న గొఱ్ఱె కాలజ్ఞానమును గూర్చి కొంత చెప్పక తప్పదు. భూమధ్యరేఖకు దూరమైన దేశములలో గొఱ్ఱెలు పగటిపొద్దు తఱిగిపోవు శరత్కాలమున ఎదకు వచ్చును. చూలు కట్టనిచో పదునేడు దినముల కొకమాఱు మరల మరల ఎదకు వచ్చి, పొద్దు పెరుగజొచ్చిన పిదప ఆ చక్రమును ఆపివేసి, మరల శరత్తువఱకు విరామము పొందును. కేంబ్రిడ్జిలో యేట్స్ అను శాస్త్రజ్ఞుడు కృత్రిమమైన దీపకాంతితో పగటి నిడివిని తాఱుమాఱు చేసి, గొఱ్ఱెల ఋతువును సైతము తాఱుమాఱు చేయవచ్చునని 1949లో నిరూపించెను. అక్టోబరులో చూలు కట్టిన గొఱ్ఱె మార్చిలో, పచ్చిక చిగిర్చు వేళకు ఈనును. ప్రకృతి యేర్పాటులోని యుక్తి అదియే. కాని వర్రో నిర్ణయించిన అదను పొద్దు పెరుగుచున్న మే, జూన్ నెలలలో పడుచున్నది. మధ్యధరా తీరములలో వేసవి మండి శీతకాలమున వానలు కురియును గనుక, అచటి కాపరికి పిల్లలు చలికాలపు పచ్చికకు అంది రావలయును. అందువలన గొఱ్ఱె స్వభావసిద్ధముగ విశ్రమించు కాలముననే దానిని చూలు కట్టింపవలసి వచ్చెను. ప్రకృతికిని కాపరి యవసరమునకును నడుమ ఏర్పడిన ఈ యెడము నుండియే మన కథ అంతయు పుట్టినది.

ఆ యెడమును కొంత పూడ్చిన జాతి మెరినో. ఋతునియమము తక్కిన యుత్తరదేశపు జాతులకువలె దానికి బిగువైనది కాదు. విశ్రాంతికాలమున సైతము దాని నిద్ర గాఢమైనది కాదు. స్పెయిన్ దేశమున పదవ అల్ఫాన్సో 1273లో మెస్టా అను కాపరుల సంఘమునకు రాజశాసనము నొసగిన నాటినుండి శతాబ్దముల తరబడి, లక్షలకొలది గొఱ్ఱెలు వేసవిలో ఉత్తరపు కొండలకును చలికాలమున దక్షిణపు బయళ్లకును నడచుచుండెడివి. ఈ సంచారమందలలో పొట్టేళ్లను జూన్ చివఱనో జూలైలోనో గొఱ్ఱెలతో కలుపుట ఆచారము. అట్లయినచో మంద దక్షిణమునకు దిగిన పిదప, డిసెంబరు ప్రాంతమున, ఈతలు పడును. పొద్దు అత్యంతదీర్ఘమైన దినములు గడచీగడవక మునుపే గొఱ్ఱెలు ఒక్కపెట్టున ఎదకు వచ్చుట, జాతిగుణమొక్కటే చేసిన పని కాదనియు, అందు ఎడబాటు పిమ్మటి రాక యొక్క ప్రభావమును తోడుపడి యుండుననియు నా యూహ. ఆ కాపరులు దీనిని గుర్తించి గ్రంథస్థము చేయలేదు. వారికి గ్రంథముతో పనియేమి? ఏటేట పిల్లలు పుట్టుచుండెను, నియమము నడచుచుండెను.

వ్రాతలోనికి ఈ విషయము తొలిసారి తొంగిచూచినది ఫ్రాన్సు దేశమున. పదునాఱవ లూయీ 1786లో స్పెయిన్ నుండి మూడు వందలకు పైబడిన మెరినోలను రప్పించి రాంబూయే క్షేత్రమున నిలిపిన పిమ్మట, ఆ దేశపు భూస్వాములలో మెరినో వ్యామోహము ప్రబలెను. అట్టివారిలో మోరెల్ ద విందే యొకడు. నవలలు వ్రాసిన చేతితోనే పశుపోషణమును గూర్చియు వ్రాసిన ఈ ధనికుడు పారిస్ నగర సమీపమున మంచి మందను పెంచెను. మందలోని గొఱ్ఱెలలో సాధ్యమైనన్నింటికి, సాధ్యమైనంత స్వల్పకాలములో చూలు కట్టించుటకు ఆయన అవలంబించి కృతార్థుడైన మార్గములను గిరార్ అను నతడు 1813లో ఆంద్రు మండలపు వ్యవసాయసంఘ పత్రికలో ప్రకటించెను. ఇప్పటి శాస్త్రజ్ఞులు పొట్టేలి ప్రభావమును గూర్చి చరిత్ర చెప్పబూనినపుడెల్ల ఈ చిన్న వ్యాసమునే మొదట పేర్కొందురు. అది అచ్చయిన యేడు నెపోలియను లైప్జిగ్ వద్ద ఓడిన యేడు. ఐరోపా యంతయు ఫిరంగుల మ్రోతలో మునిగియున్నపుడు గొఱ్ఱెల చూలును గూర్చిన వ్యాసము నెవ్వరు చదువుదురు? ఆ తరువాత నూఱేండ్లకు పైగా ఈ విషయము శాస్త్రప్రపంచమున మఱుగుపడియే యుండెను.

మరల అది పైకి వచ్చుటకు మెరినో సముద్రములు దాటవలసి వచ్చెను. గుడ్‌హోప్ అగ్రమునుండి 1797లో ఆస్ట్రేలియాకు చేరిన కొలది మెరినోల సంతతి, పందొమ్మిదవ శతాబ్దమున ఆ ఖండమును ఉన్నిబయలుగ మార్చివేసినది. ఆ ఖండపు నైరృతికోణమున నున్న పెర్త్ ప్రాంతమునకు శీతోష్ణస్థితిలో మధ్యధరా తీరముతో దగ్గఱి పోలిక కలదు: వేసవి యెండును, మే మొదలు అక్టోబరు వఱకు వానలు కురియును. అది దక్షిణార్ధగోళ మగుటచే నెలలు మాత్రము తలక్రిందులు. అచటి రైతు నవంబరులో పొట్టేళ్లను మందలో వదలినచో ఏప్రిల్ నడుమ ఈతలు మొదలై, తొలివానల పచ్చిక పిల్లలకు అందును. కాని నవంబరనగా అచ్చట పొద్దు పెరుగుచున్న వసంతము. వర్రో కాపరి యెదుర్కొన్న చిక్కే, భూగోళపు మఱియొక చెఱగున, మఱల యెదురయ్యెను.

ఈ చిక్కును లెక్కలతో పరిశీలింపబూనిన వారు ఎరిక్ అండర్‌వుడ్, షియర్, డావెన్‌పోర్ట్ అను మువ్వురు. వీరిలో అండర్‌వుడ్ అప్పటికే ప్రసిద్ధుడు. పశ్చిమాస్ట్రేలియా తీరమున పశువులు మేతయుండియు కృశించి చచ్చుచుండగా, దానికి కారణము మట్టిలో కోబాల్టు లేమియేనని ఫిల్మర్‌తో కలిసి 1930వ దశకమున కనిపెట్టినవాడు. మట్టిలో లేశమాత్రమైన లోహమునకు మందలను చంపగల శక్తి యున్నదని ఒకమాఱు కన్నారా చూచినవానికి, కంటికానని కారణములయెడ చులకనభావముండదు కాబోలును. ఆ మువ్వురును 1944లో ప్రకటించిన పరిశీలనమున ఒక విచిత్రము వెల్లడియైనది. వసంతమున పొట్టేళ్లను వదలిన తొలి రెండు వారములలో ఎదకు వచ్చిన గొఱ్ఱెలు కొలదియే. మూడవ, నాల్గవ వారములలో మాత్రము అవి గుంపులుగుంపులుగ ఎదకు వచ్చినవి. ఋతువే దీనికి కారణమైనచో పొట్టేళ్లను ఎప్పుడు వదలినను ఎద తన తిథి ప్రకారమే రావలసియుండెను. అట్లుగాక, ఎద పొట్టేలి రాకను వెన్నంటి, ఇంచుమించు ఒకే గడువు నిచ్చి వచ్చుచున్నది. తిథిని నిర్ణయించునది పంచాంగము కాదు, పొట్టేలు.

కాని ఆ గడువేల? పొట్టేలే ప్రేరకమైనచో రెండు వారములు అది మందలో ఊరక తిరుగాడుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు 1954లో షింకెల్ సమాధానము దెచ్చెను. గొఱ్ఱెల బాహ్యచేష్టలను చూచుటతో తృప్తిపడక అండాశయములనే పరీక్షించిన ఆయనకు, పొట్టేలు వచ్చిన కొలది దినములకే పెక్కు గొఱ్ఱెలలో అండవిడుదల జరిగియుండుట కనబడినది. అనగా తొలి మేల్కాంపు నిశ్శబ్దముగ జరిగిపోవుచున్నది. ఎద లక్షణములు పైకి కనబడవు, గొఱ్ఱె పొట్టేలిని చేరనీయదు. ఎద కనబడవలెనన్న అండమును విడిచినచోట ఏర్పడు కార్పస్ లూటియం అను పసుపుపచ్చని గ్రంథి స్రవించు ప్రొజెస్టెరాన్ రసము ముందుగ కొన్నినాళ్లు శరీరమున పాఱియుండవలయును. విశ్రాంతిలోనున్న గొఱ్ఱెకు ఆ పూర్వసంస్కారము లేదు. కావున తొలి అండము మౌనముగ వెడలిపోయి, ఒక చక్రము గడచిన పిదపనే, అనగా పదునెనిమిది పందొమ్మిది దినములకు, సాక్షాత్తు ఎద వచ్చుచున్నది.

ఇంతటితో లెక్క సరిపోలేదు. జాగ్రత్తగ గుర్తించిన మందలలో ఎద ఒక యెత్తుగా గాక రెండెత్తులుగ వచ్చుచుండెను: మొదటిది పదునెనిమిదవ దినము చుట్టును, రెండవది ఇరువదినాల్గవ దినము చుట్టును. పెర్త్‌లోని పశ్చిమాస్ట్రేలియా విశ్వవిద్యాలయమున ఓల్డ్‌హామ్, మార్టిన్ అనువారు 1978లో దీని గుట్టు విప్పిరి. కొన్ని గొఱ్ఱెలలో తొలి అండమువలన ఏర్పడిన గ్రంథి బలహీనమై, ఐదాఱు దినములకే వాడిపోవును. అపుడు మఱియొక అండము, అదియు నిశ్శబ్దముగనే, వెడలి, అటుపిమ్మట సరియైన చక్రము నడచి ఎద వచ్చును. ఈ యాఱు దినముల యాలస్యమే రెండవ యెత్తు. పొట్టేలిని వదలుటకు ముందు గొఱ్ఱెకు ప్రొజెస్టెరాన్ అందించినచో ఈ హ్రస్వచక్రము తప్పిపోవుటయే గాక, తొలి అండముతోడనే ఎదయు కనబడునని కూడ తేలినది.

ఇక పొట్టేలు వచ్చినదని గొఱ్ఱెకు తెలియుటెట్లు? ఈ ప్రశ్నను పట్టుకొని పరిశోధకులు నడపిన ప్రయోగములలో కొన్ని నాటకదృశ్యములవలె నుండును. వాట్సన్, రాడ్‌ఫర్డ్ అనువారు 1960లో పొట్టేళ్లకును గొఱ్ఱెలకును నడుమ కంచె నిలిపి, స్పర్శకు ఎడములేకుండ చేసిరి. అయినను గొఱ్ఱెలు స్పందించినవి. ఘ్రాణశక్తి యుడిగిన గొఱ్ఱెలలో ఈ ప్రభావము కుంటుపడునని మోర్గన్, ఆర్నాల్డ్, లిండ్సే 1972లో తెలిపిరి. న్యూజీలాండున నైట్, లించ్ అనువారు 1980లో పొట్టేలి ఉన్నిని, ఉన్నికంటిన జిడ్డును మాత్రమే గొఱ్ఱెల ముక్కునకు సోకించి, పొట్టేలు లేకయే అండవిడుదల కలిగించిరి. అంతటితో వాసనయే సర్వస్వమని తీర్పు చెప్పుటకు సిద్ధపడిన వారికి అడ్డు తగిలినది ఫ్రాన్సు దేశపు నూజిలీ పరిశోధనాలయము: ఘ్రాణశక్తిని పోగొట్టిన గొఱ్ఱెలు సైతము సాక్షాత్తు పొట్టేలు వచ్చి నిలిచి, మెడసాచి, ముంగాలితో తట్టి, గుఱగుఱలాడుచు వెంబడించినపుడు స్పందించుచున్నవని అచటివారు చూపిరి. వాసన బలవత్తరమైన సాధనమే. కాని చూపు, చప్పుడు, చేష్ట అన్నియు కూడిన సంపూర్ణమైన పొట్టేలికి అది సాటి రాదు.

శరీరములోపల జరుగు పనియు ఆశ్చర్యకరమైనదే. విశ్రాంతికాలమున గొఱ్ఱె పీయూషగ్రంథి ల్యూటినైజింగ్ హార్మోనును గంటల తరబడి యెడమిచ్చి, చిన్నచిన్న విడతలుగ విడుచుచుండును. పొట్టేలు ప్రవేశించిన నిమిషములలో ఆ విడతలు చిక్కబడును. ఇదియంతయు మెదడులోని హైపోథాలమస్ అను భాగపు ఆజ్ఞవలన. విడతలు చిక్కబడగా అండాశయములోని బుడగ పెరిగి, ఈస్ట్రోజెన్ హెచ్చి, ఒకటి రెండు దినములకు హార్మోను వెల్లువ లేచి, అండము వెడలును. మాటిమాటికి నెత్తురు తీసి అత్యల్పమైన హార్మోనును కొలువగల పద్ధతులు 1960వ దశకము చివఱ చేజిక్కినందుననే ఈ కథ మనకు తెలిసినది.

మేకల ముచ్చట యిక్కడ ఒక్క మాట చెప్పి సాగెదను. మేకపోతు వాసన యెట్టిదో పల్లెటూరివారికి వర్ణించి చెప్పనక్కఱలేదు. టెక్సాస్ అంగోరా మేకలలో ఇట్టి ప్రభావమునే షెల్టన్ 1960లో కనుగొనెను. టోక్యో విశ్వవిద్యాలయపు పరిశోధకులు మేకపోతుల తలలకు టోపీలవంటి పరికరములు తొడిగి, తలవెండ్రుకలనుండి లేచు ఆవిరులను పట్టి, వానినుండి ఇథైలాక్టనాల్ అను నొక పదార్థమును 2014లో వేఱుపఱచిరి. అది నిమ్మజాతి పండ్లను తలపించు పరిమళము గలది. గాలి సోకినపుడు అదియే మనమెఱిగిన ఆ మేకకంపును పుట్టించు ఆమ్లముగ మాఱును. మనుష్యుడు ముక్కు మూసికొను దుర్గంధమునకు పూర్వరూపము ఆడుమేక మెదడున వసంతమును మేల్కొలుపు సందేశమగుట రసికులు ఆలోచింపదగిన విషయము.

ఈ జ్ఞానమంతయు మందలోనికి దిగివచ్చిన తీరు మఱింత సరళము. ఐరోపా కాపరి పూర్వము పొట్టేలి ఱొమ్మునకు జేగురు పూసి వదలెడివాడు. గొఱ్ఱె వీపుపై ఎఱ్ఱని మఱక పడినచో పని జరిగినదని గుర్తు. జేగురు మాటిమాటికి పూయవలసిన బెడద తొలగించుటకై 1960లో ఆస్ట్రేలియాలోనే రంగుముద్దను బిగించిన తోలుపట్టీ రూపొందినది. పశుపాలకులు తఱుచు మొదట వీర్యనాళము ఖండించిన పొట్టేళ్లను రెండు వారములపాటు మందలో తిరుగనిచ్చి, మౌనముగ వెడలిపోవు తొలి అండములను ఆ విధముగ గడపివేసి, అటుపిమ్మట విత్తనపు పొట్టేళ్లను వదలుదురు. ఈతలన్నియు కొలది వారములలో పడును. కాపరికి రాత్రి జాగారము తగ్గును, సంతకు ఒకే యీడు పిల్లలు చేరును. సిడ్నీలో రాబిన్సన్ 1960వ దశకమున కనిపెట్టిన హార్మోను స్పంజి ఇంతకంటె నిక్కచ్చిగ పనిచేయునన్నది నిజమే, దానితో దాదాపు దినము పేర్కొని ఎద రప్పింపవచ్చును. కాని దానికి వెల యున్నది, చేతిపని యున్నది. ఐరోపాలో సేంద్రియ పద్ధతిని మేపు మందలకు అట్టి హార్మోనులు నిషిద్ధములు. కావున అచ్చటి గొఱ్ఱెలవారు నేడు మరల పొట్టేళ్లను వేఱు దొడ్లలో మేపుచున్నారు.

ఎడబాటు ఎంతకాలముండవలె నన్నదానిపై అభిప్రాయములు మాఱినవి. నెలకు తక్కువైనచో ఫలితముండదనియు, చూపునకును వాసనకును అందనంత దూరమున పొట్టేళ్లను ఉంచవలయుననియు చిరకాలము నమ్ముచుండిరి. తరువాతి పరిశోధనలు ఎడబాటుకంటె క్రొత్తదనమే ముఖ్యమని చూపినవి: మందలో పొట్టేళ్లు నిరంతరము తిరుగుచున్నను, ఎన్నడు నెఱుగని క్రొత్త పొట్టేలు వచ్చినచో గొఱ్ఱెల హార్మోను విడతలు చిక్కబడుచున్నవి. గొఱ్ఱెకు పొట్టేలి యెఱుక ఒక సామాన్యజాతిగ గాక వ్యక్తులుగ నున్నదని దీనినిబట్టి తేటపడుచున్నది.

మన తెలుగుదేశపు మందల సంగతి వేఱు. భూమధ్యరేఖకు సమీపమగుటచే ఇచ్చట పగటిపొద్దు ఏడాది పొడుగున అంతగా హెచ్చుతగ్గులు పొందదు; నెల్లూరు గొఱ్ఱె గాని, గొంగళ్లకు బొచ్చునిచ్చు దక్కను నల్లగొఱ్ఱె గాని ఉత్తరదేశపు జాతులవలె నెలల తరబడి నిద్రించునవి కావు; ఎదను నిర్ణయించునది వానయు, వానవెంట మొలచు గడ్డియు. గొల్ల, కురుమ కాపరులు చాలచోట్ల పొట్టేళ్లను మందలోనే తిరుగనిత్తురు. అందువలన ఇచ్చట ఈ ప్రభావము ఆస్ట్రేలియాలోవలె పతాకలెత్తి కనబడుట కవకాశము తక్కువ. అయినను కాపరి సంతలో బేరమాడి విత్తనపు పొట్టేలిని కొని తెచ్చి, మునుపటి దానిని అమ్మివేయు ఆచారము మనవారిలోను కలదు. క్రొత్త పొట్టేలు దొడ్డిలో అడుగిడిన తొలిదినము మొదలు మూడు నాలుగు వారములవఱకు ఏ గొఱ్ఱె యేనాడు ఎదకు వచ్చినదో, ఏ యీత యేనాడు పడినదో మన మందలలో ఓపికగా వ్రాసియుంచు కాపరి యొక్కడున్నను, పెర్త్‌లో 1944లో మొదలైన లెక్కకు ఇచ్చటి లెక్కయొకటి జోడింపవచ్చును.